నెట్‌వర్కింగ్ పనికి అమెరికా జే-1 స్పాన్సర్ ఎవరు?

సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) చేశాను, జే-1 వీసా ఇప్పించే కంపెనీని ఎలా వెతకాలి అని ఒకరు అడిగారు. చాలామంది పొరబడేది ఇక్కడే. పని ఇచ్చే కంపెనీ వేరు, స్పాన్సర్ వేరు కావచ్చు. వీసాకు కావలసిన డీఎస్-2019 పత్రం అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన సంస్థే, అంటే స్పాన్సరే ఇవ్వాలి. ఆ జాబితా శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటుంది.

జే-1లో ఇలాంటి పని శిక్షణకు ఉన్న ట్రైనీ విభాగంలో గడువు గరిష్ఠంగా 18 నెలలు. డిగ్రీతో పాటు అమెరికా బయట ఏడాది అనుభవం ఉండాలి, డిగ్రీ లేకపోతే ఐదేళ్లు. కంపెనీ మీకు ఏం నేర్పబోతోందో డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక ఫారంలో దశలవారీగా రాయాలి: మొదట స్విచ్‌లు, రౌటింగ్, తర్వాత ఫైర్‌వాల్ ఇలా. ఊరికే కేబుళ్లు లాగడానికి మనిషి కావాలన్నట్టుంటే కుదరదు.

జే-1తో పర్మనెంట్ జాబ్ గ్యారంటీ అని ఏ కన్సల్టెన్సీ అయినా అంటే డబ్బు కట్టకండి. ఇది శిక్షణ వీసా.