విండోస్ 11 ఎక్కదన్న పాత డెస్క్‌టాప్‌ను పక్కన పడేయాలా?

మీరు రాసిన సంగతి ఇదీ: పాలకొల్లులో నాన్నగారి డీటీపీ సెంటర్. 2016లో కొన్న ఆరో తరం ఐ5 డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, అప్పటి హార్డ్ డిస్కే, విండోస్ 10. ఆన్ అవడానికి చాలాసేపు పడుతోంది, పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతోంది. షాపులో చూపిస్తే "దీనికి విండోస్ 11 ఎక్కదు, దీని పనైపోయింది" అని కొత్తదానికి నలభై అయిదు వేలు చెప్పారు. పైగా కిందటేడు కొన్న మానిటర్ మీద గీతలు పడుతుంటే, లోపల తుప్పు పట్టింది కాబట్టి వారంటీ వర్తించదంటున్నారు. కొనాలా వద్దా అని మీ ప్రశ్న.

వద్దండీ. ఇప్పుడే అయితే అస్సలు వద్దు. నేను రాజోలు వైపు కంప్యూటర్ రిపేర్లు చేస్తాను. అంతకుముందు మా మేనమామగారి డీటీపీలో చాలాకాలం శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు కొట్టినవాణ్ణి. కాబట్టి మీ నాన్నగారి బల్ల మీద ఏముంటుందో, ఆ మిషన్ ఆగిపోతే పెళ్లిళ్ల సీజన్లో ఎంత నష్టమో నాకు తెలుసు. మీ మిషన్ ఆగిపోవడానికీ విండోస్ 11కీ ఏ సంబంధమూ లేదు. ఈ రెండింటినీ కలిపి చెప్పి కొత్తది కొనిపించడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. నలభై అయిదు వేలంటే చిన్న సెంటర్‌కి ఎన్ని శుభలేఖల కూలో వాళ్లూ ఆలోచించాలి కదండీ.

ముందు ఆగిపోవడం సంగతి. మన డెల్టాలో కంప్యూటర్లు వయసైపోయి చావడం తక్కువ. కరెంటు వల్ల, ఉప్పు గాలి వల్ల, తేమ వల్ల పోయేవే నా బల్ల మీదకి ఎక్కువగా వస్తాయి. మీది ఏ ఫీడర్ మీద ఉందో కనుక్కోండి. అదే లైనులో చేపల, రొయ్యల చెరువులుంటే చీకటి పడ్డాక నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఆన్ అవుతాయి. రాత్రిపూట చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రైతు వాటిని ఆపలేడు, ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. కానీ ఆ వేళ మీ సాకెట్లో వోల్టేజి 230 నుంచి కిందకి జారుతుంది. కంప్యూటర్ లోపల కరెంటు అందించే డబ్బాని ఎస్‌ఎంపీఎస్ అంటారు. చౌకరకంవాటిలో చాలావాటి మీద 200–240 అని రాసి ఉంటుంది, 200 దిగితే అవి నిలబడతాయన్న నమ్మకం లేదు. ఒక మల్టీమీటర్ పెట్టి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి కొలిచి చూడండి.

ఇంకొకటి మీరు రాయలేదు కానీ నేను అడగాలి. ప్రింట్ కొట్టినప్పుడే ఆగిపోతోందా? లేజర్ ప్రింటర్ లోపల కాగితం మీద పొడిని కరిగించి అంటించడానికి ఒక హీటర్ ఉంటుంది. అది వేడెక్కే క్షణంలో ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. దాన్ని కూడా తెచ్చి కంప్యూటర్ ఉన్న యూపీఎస్‌కే తగిలిస్తే, బ్యాటరీ పాతదైతే, యూపీఎస్ తట్టుకోలేక సీపీయూ మొత్తం ఆఫ్ అయిపోతుంది. డీటీపీ సెంటర్లలో ఇది సర్వసాధారణం. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఎర్తింగ్ కూడా చూడాలి. కేబినెట్ రేకు మీద వేలి వెనక వైపు ఆనిస్తే జివ్వుమంటోందా? అంటే మూడో పిన్నుకి ఎర్త్ అందడంలేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటి వల్ల రేకు మీద దాదాపు సగం వోల్టేజి, అంటే 115 దాకా తేలుతుంది. దాంతో ప్రమాదం తక్కువే కానీ పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు, మానిటర్ కేబుల్ తీసి పెట్టినప్పుడు పోర్టులు కాలిపోవడానికి అది చాలు. మన దగ్గర కాస్త తవ్వితేనే నీళ్లు, నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కాబట్టి మంచి ఎర్త్ రావడం తేలిక. చిక్కల్లా గొట్టం తుప్పుపట్టడమే. ఎర్త్ గుంటలో బొగ్గుతో పాటు వేసే ఉప్పుకి తోడు, సముద్రం దగ్గర ఊళ్లలో భూమిలో కూడా ఉప్పే. కొన్నేళ్లకి జీఐ పైపు తినేసి, పైన తీగ కనబడుతూనే ఉంటుంది, కింద ఏమీ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవమనండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ ఎంత వస్తుందో దాదాపు అంతే రావాలి.

ఇవన్నీ బాగున్నా ఆగిపోతుంటే అప్పుడు ప్లగ్ పూర్తిగా పీకి, పక్క రేకు తీయండి. మదర్‌బోర్డు మీద డబ్బాల్లాంటి కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అవి పోయినట్టే. ఫ్యాన్ కింద దుమ్ము గడ్డకట్టి ఉంటే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తనే ఆపేస్తుంది. దుమ్ము తీసి, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి రాసే పేస్టు కొత్తది రాయించండి. ర్యామ్ తీసి దాని బంగారురంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రజను దులిపి పెట్టండి. మా వైపు వానాకాలంలో బీప్ కొట్టి ఆన్ కాని మిషన్లలో చాలావాటికి ఇదే వైద్యం. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీశాక కూడా దానిలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. అనుమానముంటే మంచి కంపెనీది కొత్తది వేయించడమే.

మిషన్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనబడిందని కంగారు పడొద్దు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడం తప్ప, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

నెమ్మది సంగతి తేలిక. ఆ హార్డ్ డిస్క్ స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే మీ నాన్నగారు కొత్త మిషనే కొన్నారనుకుంటారు. ఆరో తరం ఐ5 శుభలేఖలకి, ఫోటోషాప్‌లో ఫ్లెక్సీలకి ఈరోజుకీ సరిపోతుంది. అయితే ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేస్తామంటే ఒప్పుకోకండి, క్లోన్ చేయించండి, అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానిలోకి ఎక్కించడం. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టడానికి వాడే అను ఫాంట్ల సీడీలు ఇప్పుడు ఎక్కడున్నాయో నాన్నగారిని అడిగి చూడండి, చాలా సెంటర్లలో అవి దొరకవు. ఉన్న ఇన్‌స్టలేషన్ పోతే మళ్లీ పెట్టుకోవడం పెద్ద తలనొప్పి. క్లోన్ కంటే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్క్‌లో పాడైన చోట్లు, పెరుగుతున్నాయని చూపిస్తే, క్లోన్ సంగతి తర్వాత, ముందు ఆ రోజే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఈమధ్య ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు పెరిగిన మాట నిజమే. కొత్త కంప్యూటర్ ధరలోనూ అవే ఉంటాయి కాబట్టి కొత్తది ఇప్పుడే కొనకపోవడానికి అదీ ఒక కారణం.

ఇక విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, నిజమే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి పైవి కావాలి. మీది ఆరో తరం, కాబట్టి అధికారికంగా ఎక్కదు. అంతమాత్రాన మీ విండోస్ 10 ఆగిపోదు, మామూలు అప్‌డేట్లు రావు అంతే. మామూలు వాడకందారుల కోసం మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం, లేకపోతే 1000 రివార్డు పాయింట్లు గానీ 30 డాలర్లు గానీ. మిషన్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవాళ్లు ఉన్నారు, ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి మిషన్లకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. కూడు పెట్టే మిషన్ మీద ఆ ప్రయోగం నాకిష్టం లేదు.

నా మటుకు అసలు ప్రశ్న విండోస్ ఏ నంబరు అన్నది కాదండీ. ఆ మిషన్‌కి ఇంటర్నెట్ ఎందుకు అన్నదే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబ్ దానికి కొత్త వెర్షన్ తేలేదు. అయినా మన జిల్లాల్లో చాలా శుభలేఖలు ఇప్పటికీ అందులోనే తయారవుతాయి, ఎందుకంటే చేతికి అలవాటైంది, అను ఫాంట్లలో అక్షరం అందంగా వస్తుంది, పాత కస్టమర్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఈ మిషన్‌ని ఆ పనికే వదిలేసి నెట్ వైరు పీకేయండి. వాట్సాప్, మెయిల్, ఆన్‌లైన్ అప్లికేషన్లు మరో చిన్న మిషన్ మీద గానీ ఫోన్ మీద గానీ చేసుకోండి. నెట్ లేని మిషన్‌కి మిగిలే ముప్పు పెన్‌డ్రైవే. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ని ముందు రెండో మిషన్‌లో స్కాన్ చేయకుండా దీనిలో పెట్టొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ ఇప్పటికీ సెంటర్ నుంచి సెంటర్‌కి అలాగే తిరుగుతోంది.

పాత ఫైళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్త మిషన్ కొన్నవాళ్లు నా దగ్గరికి కన్నీళ్లతో వచ్చేది ఇక్కడే. అను ఫాంట్లతో కొట్టిన మేటర్ లోపల తెలుగు కోడ్ ఉండదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే అంతా పిచ్చి గీతలే. అటునుంచి, ఇప్పుడు కస్టమర్లు వాట్సాప్‌లో పంపే మేటర్ యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉన్న పద్ధతిలో ఉంటుంది, దాన్ని పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, పని జరుగుతుంది, కానీ ఒత్తులు అటూ ఇటూ అవుతాయి. పెళ్లికూతురి పేరులో ఒత్తు జారితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కాబట్టి పేర్లు చేత్తోనే కొట్టించండి. పాత ఫైళ్లలో ముఖ్యమైనవాటిని ఫాంట్లు ఫైలులోనే కలిసేలా (ఎంబెడ్) చేసి పీడీఎఫ్‌గా కూడా దాచండి. కొత్త పని నెమ్మదిగా యూనికోడ్‌లోకి మార్చుకోవడం మంచిది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 తెలుగు యూనికోడ్‌ని సరిగ్గానే కూర్చుతుంది. విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. ఇంట్లో పిల్లల చదువుకి లినక్స్ మింట్ చక్కగా ఉంటుంది. పేజ్‌మేకర్ మీద బతికే మిషన్‌కి మాత్రం వద్దు.

మానిటర్ విషయంలో వాళ్లు చెప్పింది మౌనంగా ఒప్పుకోకండి. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌కి ఒక సర్వీస్ సెంటర్‌లో అదే మాట అన్నారు. మేం నీళ్లు పోయలేదు, కింద పడేయలేదు. ఈ గాలిలో వాడతామని తెలిసే ఇక్కడి షాపులో అమ్మారు. తిరస్కరించిన కారణం జాబ్ షీట్ మీద రాసివ్వమని అడిగాం, తుప్పు పట్టిందన్న చోటు ఫోటో తీయించాం, బిల్లుతో కలిపి కంపెనీకి మెయిల్ పెట్టి, 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు నమోదు చేశాం. తర్వాత కంపెనీవాళ్లే ఫోన్ చేసి బోర్డు మార్చారు. మీకు అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి వెళ్లక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. మానిటర్‌ని మాత్రం ఈలోగా బయట ఎవరిచేతా విప్పించకండి, సీలు పోతే వాదన బలహీనపడుతుంది.

రేకు తీసినప్పుడు మదర్‌బోర్డు మీద అచ్చుగా ఉండే మోడల్ నంబరు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఆరో తరం బోర్డుల్లో కొన్నింటికి డీడీఆర్3ఎల్ ర్యామ్, కొన్నింటికి డీడీఆర్4 పడుతుంది. రెండూ ఒకదానిలో ఒకటి కూర్చోవు, షాపుల్లో తొందర్లో తప్పుది ఇచ్చేస్తుంటారు. మీ బోర్డు చూస్తే ఏది కొనాలో చెబుతాను. ఆగిపోవడం కరెంటు దగ్గర తేలకపోతే, పాలకొల్లు మాకు చించినాడ వంతెన అవతలే కాబట్టి మిషన్‌ని మా షాపుకి తీసుకురండి, ముందుగా ఫైళ్లన్నీ కాపీ చేసుకుని.