మంచివాళ్ల కోరికలు, చెడ్డవాళ్ల కోరికలు దేవుడికి ఒకటేనా? కాణిపాకం కోనేటి మెట్ల మీద నేను చూసింది

మీరు అడిగింది ఇదీ: నీతిమంతులు కోరుకున్నది వాళ్లకు దొరుకుతుందని బైబిల్లోని సామెతల గ్రంథంలో ఉంది, మన పురాణాలూ అదే చెప్తాయి, మరి మీ వీధిలో అన్యాయం చేసినవాడే మేడ మీద మేడ కడుతుంటే దేవుడు ఎవరి మొర వింటున్నట్టు?

నేను పండితుణ్ణి కాను. తిరుపతిలో చిన్న ఉద్యోగం. ఊరు చిత్తూరు దగ్గర, నాలుగెకరాల మామిడి తోట ఉంది. ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు తినేసింది కాబట్టి రాస్తున్నా.

ముందు నా కోరిక సంగతి చెప్తాను. మా తోటలో ఉన్నది తోతాపురి, మా వైపు బెంగళూరా అంటాం. తినేదానికంటే ఫ్యాక్టరీలకు గుజ్జు కోసం పోయేదే ఎక్కువ. కాబట్టి రేటు మా చేతిలో ఉండదు. అందరికీ బాగా కాస్తే ర్యాంపు (ఫ్యాక్టరీలకు కాయ కొనే చోటు) దగ్గర అడిగేవాడుండడు. 2025 జూన్‌లో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎట్లా బారులు తీరాయో చిత్తూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం 4 కలిపి కిలో 12 అని ప్రకటిస్తే తప్ప దిక్కు లేకపోయింది.

దానికి కొన్నేళ్ల ముందు ఒక మే నెలలో తిరుమల వెళ్లాను. జయవిజయుల దగ్గర దొరికే ఆ నాలుగు సెకన్లలో నేను అడిగింది ఒక్కటే: "స్వామీ, ఈసారి రేటు రావాలి." తప్పేముంది? గోవిందా అనుకుంటూ బయటికొచ్చి, లడ్డూ తీసుకుని కిందికి బస్సెక్కాను. ఘాట్ రోడ్డులో సగం దూరం వచ్చాక ముందు సీట్లో ఆయనకు ఫోన్ వచ్చింది. బంగారుపాళ్యం వైపు రాత్రి గాలివాన కొట్టిందట, కాయంతా నేలపాలట. ఆయన "అయ్యో అయ్యో" అంటున్నాడు. నాకు మాత్రం లోపల, ముందుగా, "హమ్మయ్య" అనిపించింది. ఆ తర్వాతే అయ్యో పాపం అనుకున్నా.

ఒక్క క్షణమే. కానీ సన్నిధిలో నేను అడిగింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నోటితో రేటు అడిగాను, దాని అడుగున పక్కవాడి తోట మీద వడగళ్లు అడిగాను. దేవుడికి రెండూ వినపడి ఉంటాయి కదా! ఆ రోజు నన్ను మీరు నీతిమంతుల లెక్కలో వేస్తారా, ఇంకో లెక్కలోనా?

గీత 16వ అధ్యాయంలో అసుర స్వభావం గురించి చెప్పే చోట ఒక విషయం నన్ను ఆపేసింది. "ఇవాళ ఇది సంపాదించాను, ఈ కోరికా తీర్చుకుంటాను, ఆ శత్రువును చంపాను, మిగతావాళ్లనూ చంపుతాను" అనే మనిషి అక్కడ కనిపిస్తాడు. అంతవరకు మనకు తెలిసిన విలనే. కానీ వెంటనే 15వ శ్లోకంలో అదే మనిషి "యాగం చేస్తాను, దానం ఇస్తాను" అని కూడా అంటాడు. అంటే చెడ్డవాడు గుడికి రానివాడు కాదు. వస్తాడు, హుండీలో గట్టిగానే వేస్తాడు. మీ వీధిలో మేడ కడుతున్నాయన గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేయించాడో లేదో ఒకసారి కనుక్కోండి.

ఇక అసలు సంగతి.

2011 సీజన్లో మా కాయ మా మేనత్త భర్త, నాకు మామ అవుతాడు, ఆయన ద్వారా పోయింది. మా నాయనకు బావ. కాగితం లేదు, సంతకం లేదు, ఇంటి మనిషే కదా అని. రావాల్సింది 1,40,000. శ్రావణం వచ్చింది, డబ్బు రాలేదు. చివరికి "నేను ఎప్పుడో ఇచ్చేశాను, మీరే మర్చిపోయారు" అన్నాడు. పెద్దమనుషులు కూర్చున్నారు, తెగలేదు. మా ఊళ్లలో తెగనిది ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. కాణిపాకం.

తెలియని వాళ్లకు: చిత్తూరుకు పదకొండు పన్నెండు కిలోమీటర్ల దూరంలో వరసిద్ధి వినాయకుడి గుడి. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. అబద్ధం చెప్పినవాణ్ణి స్వామి వదలడని నమ్మకం. (రాజకీయ నాయకులు "దమ్ముంటే కాణిపాకంలో ప్రమాణం చెయ్" అని సవాళ్లు విసురుకోవడం టీవీలో చూసే ఉంటారు. వాళ్ల సంగతి వదిలేయండి.) పక్కనే బాహుదా నది. దానికా పేరెందుకు వచ్చిందో స్థలపురాణంలో ఒక కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. దారిలో ఆకలికి తాళలేక లిఖితుడు రాజుగారి తోటలో మామిడిపండు అడక్కుండా కోసుకున్నాడు. తప్పు ఒప్పుకోమని అన్న రాజు దగ్గరికి పంపితే, రాజు చేతులు నరికించాడు. తర్వాత ఈ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. భారతం శాంతిపర్వంలో కూడా ఈ అన్నదమ్ములున్నారు, అక్కడ తోట అన్నదే. మామిడి రైతు కొడుకుగా నాకు చిన్నప్పటి నుంచి ఈ కథ మీద కోపం. ఆకలేసిన మంచివాడు ఒక్క పండు కోస్తే చేతులు పోయాయి, మామ లారీ కాయ తిన్నాడు!

ఆ రోజు తెల్లవారుజామున వెళ్లాం. నాయన, నేను, మామ, ఇద్దరు పెద్దమనుషులు. మామ చొక్కా విప్పి, టవల్ కట్టుకుని కోనేట్లో దిగాడు. మూడు మునకలు వేశాడు. పైకి వస్తుంటే మెట్టు పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతోంది. చలికో, భయానికో నేను చెప్పలేను. నాకైతే గుండె దడదడలాడుతోంది, సంతోషంతో. చెప్పనీ, అబద్ధం చెప్పనీ, తర్వాత స్వామి చూసుకుంటాడు అనుకుంటున్నా.

మా నాయన రెండు మెట్లు దిగి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆయనకిచ్చాడు. "బావా, ఒళ్లు తుడుచుకో. ప్రమాణం వద్దులే. ఇంటికి పోదాం పా."

పెద్దమనుషులు బిత్తరపోయారు. మామ ఏమీ మాట్లాడలేదు. తువ్వాలు తీసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను నాయనతో మాట్లాడలేదు. ఊరు దగ్గరికొచ్చాక ఆయనే అన్నాడు: "వాడు అబద్ధమే చెప్పుండును రా. చెప్పినాక వానికేమీ కాలేదనుకో, నాకు దేవుడి మీద నమ్మకం పోతుంది. ఏమన్నా అయిందనుకో, మా అక్క పసుపు కుంకుమ పోతాయి. రెండిట్లో ఏది కోరుకోమంటావు?"

నాకు జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కానీ మీ ప్రశ్నకు ఇది దగ్గరగా ఉంటుందని అనిపిస్తోంది. చెడ్డవాడికి శిక్ష పడాలని మనం కోరుకునేటప్పుడు ఆ చెడ్డవాడు ఒంటరిగా నిలబడి ఉన్నట్టు ఊహించుకుంటాం. వాడి వెనక మా అత్త ఉంది. ఆమె పండగకు మాకు అరిసెలు పంపే మనిషి. ఒక్కొక్కరి కోరిక తీర్చాలన్నా, తీసేయాలన్నా దేవుడు ఎంతమందిని దాటుకుని రావాలో నాకు ఆ బస్సులోనే మొదటిసారి తట్టింది. ప్రహ్లాదుడు కూడా నరసింహస్వామి వరం అడగమంటే ముందు మనసులో కోరికలే పుట్టకూడదన్నాడు, తర్వాత తనను చంపబోయిన తండ్రికే మంచి జరగాలన్నాడు. చిన్నప్పుడు అది భక్తుల గొప్పతనం చెప్పడానికి రాసిన మాటలే అనుకునేవాణ్ణి.

మరి నాయన కోరిక తీరిందా అంటే, డబ్బు విషయంలో తీరలేదు. మా చెల్లెలి పెళ్లికి అప్పు చేశాం, వడ్డీ కట్టాం. మామ ఆ తర్వాత ఏడాదే ఇంటి మీద ఇంకో అంతస్తు వేశాడు. కాబట్టి మీ కడుపుమంట నాకు కొత్త కాదు. నాతో చదువుకున్న స్నేహితుడొకడు చర్చికి వెళ్తాడు. వాడు చెప్పాడు, బైబిల్లో 73వ కీర్తన రాసినాయన కూడా చెడ్డవాళ్ల సుఖం చూసి అసూయపడి, కాలు జారబోయినంత పనైందని ఒప్పుకుంటాడట. చదివి చూశా, నిజమే. మీరు చెప్పిన వచనం, సామెతలు 10:24, అదీ వాడితో కూర్చుని మళ్లీ చదివాను. మంచివాళ్లకు వాళ్ల ఆశ దొరుకుతుందని ఉంది సరే. మొదటి సగం చూడండి. అక్కడ చెడ్డవాడి కోరిక గురించి ఏమీ లేదు, వాడి భయం గురించి ఉంది. వాడు దేనికి భయపడతాడో అదే వాడి మీదికి వస్తుందని. మనం మేడలు లెక్కపెడుతున్నాం, ఆ వచనం మేడలో పడుకున్నవాడి నిద్ర గురించి మాట్లాడుతోంది.

మామ ఆ రోజు తర్వాత మళ్లీ కాణిపాకం గడప తొక్కలేదని మా పిన్ని అంటుంది. వాళ్ల మనవడి పుట్టువెంట్రుకలకు కూడా వేరే గుడికి వెళ్లారట. నిజమో, పిన్ని కల్పనో. ఒకప్పుడైతే ఈ మాట వినగానే నాకు పండగ అయ్యుండేది.

నాయన పోయి నాలుగేళ్లయింది. పాడె మోసిన నలుగురిలో మామ ఒకడు. మొన్న సీజన్లో బస్టాండు దగ్గర కలిశాడు. బాగా చిక్కిపోయాడు, షుగరట. "ఏమల్లుడూ, ఈసారి కాయెట్లుంది? రేటెంత పలికింది?" అన్నాడు. చెప్పాను. అత్తకిమ్మని సంచిలో ఉన్న నాలుగు కాయలు ఇచ్చి పంపాను.