అమెరికాలో మధ్యంతర ఎన్నికలకు ఓటర్లు ఎందుకు తగ్గిపోతారు?

అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం మధ్యలో జరిగే ఈ ఎన్నికల్లో ఆయన పేరు బ్యాలెట్ మీద ఉండదు కాబట్టి. అసలు కారణం ఇదే.

అధ్యక్ష ఎన్నికల్లో అర్హులైన ఓటర్లలో ఈమధ్య 60 శాతం, అంతకంటే ఎక్కువే ఓటేస్తున్నారు. 2020లో అది దాదాపు 66 శాతం. రెండేళ్ల తర్వాత వచ్చే మధ్యంతర ఎన్నికల్లో మాత్రం చాలాకాలం 40 శాతం దగ్గరే ఆగింది. 2014లో 37 శాతం కూడా దాటలేదు, రెండో ప్రపంచ యుద్ధ కాలం తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2018లో ట్రంప్ మీద అభిమానం, కోపం రెండూ జనాన్ని కదిలించి, దాదాపు 50 శాతానికి చేర్చాయి. 2022లో 46 శాతం.

మంగళవారం సెలవు లేకపోవడమే కారణమని కొందరంటారు. కానీ అధ్యక్ష ఎన్నికలూ మంగళవారమే కదా! తేడా ప్రచారంలో ఉంది. అధ్యక్ష పోటీ నెలల తరబడి టీవీల్లో, ఇళ్లలో నలుగుతుంది. రాజకీయాలు పెద్దగా పట్టనివాళ్లు కూడా కదులుతారు. మధ్యంతరంలో ఎక్కువగా మిగిలేది అలవాటుగా ఓటేసేవాళ్లే. యువత బాగా తగ్గుతారు, పెద్దవయసువాళ్లు అంతగా తగ్గరు.

ఇది చిన్న విషయం కాదు. ప్రతినిధుల సభలోని మొత్తం 435 సీట్లు, సెనేట్‌లో మూడో వంతు, చాలా రాష్ట్రాల గవర్నర్ పదవులు మధ్యంతర ఎన్నికల్లో తేలతాయి.

ఇంకో మాట: శాతాలు పోల్చేముందు లెక్క దేనిమీద వేశారో చూడండి. పై అంకెలు అర్హుల మీద వేసినవి. మొత్తం వయోజనుల మీద లెక్కిస్తే హెచ్-1బీ వీసా మీదున్న మనవాళ్లలాంటి ఓటు హక్కు లేనివాళ్లూ కలిసి, శాతం ఇంకా తగ్గుతుంది.