మచ్చలు పోయాయని సంబరపడకండి

కొత్త ఉప్పునీటి చేపను ఎన్ని రోజులు విడిగా ఉంచాలి, షాపులో అక్కర్లేదంటున్నారు, ఏది నిజం అని అడిగారు. నా లెక్క ముప్పై రోజులు. షాపువాళ్లకేం, చేప గుమ్మం దాటితే వాళ్ల బాధ్యత తీరిపోతుంది.

మూడేళ్ల కిందట కూకట్‌పల్లిలో మాకు మూడువందల లీటర్ల ట్యాంకు ఉండేది. రెండు క్లౌన్ చేపలు, రెండు రొయ్యలు, కాసిని కోరల్స్ (పగడపు జీవులు). ఓ శనివారం షాపులో బ్లూ టాంగ్ అనే నీలం చేప కనబడింది. "నిన్ననే ఫ్లైట్‌లో వచ్చింది సార్, ఫ్రెష్" అన్నాడు. ఫ్రెష్ అనడానికి నేనేమైనా పులుసుకి కొంటున్నానా? అంత చిన్న ట్యాంకులో టాంగ్‌ను పెట్టడమే తప్పు, అది వేరే గొడవ. సంచిని గంటసేపు నీళ్లలో తేల్చి, వదిలేశాను.

మూడో రోజు రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. అమ్మ "చిటికెడు పసుపు వెయ్యరా" అంది. షాపుకి ఫోన్ చేస్తే "నీళ్లు మారాయి కదా సార్, అవే పోతాయి" అన్నాడు. నాలుగు రోజుల్లో నిజంగానే పోయాయి! ఫోన్ చేసి థ్యాంక్స్ కూడా చెప్పాను.

అవి పోలేదు, రాలాయి. క్రిప్టోకారియన్ అనే ఆ పరాన్నజీవి చేపను తిన్నంత తిని ఇసుకలోకి దిగుతుంది. అక్కడ పెంకు కట్టుకుని, లోపల వందల పిల్లలుగా విడిపోయి మళ్లీ చేపల మీద పడుతుంది. రెండోసారి క్లౌన్లకీ అంటింది. టాంగ్ నీళ్లు తిప్పే మోటారు ముందు చేరి రాత్రంతా మొప్పలు గబగబా కొట్టుకుంది. తెల్లారేసరికి ఇసుక మీద పక్కకి ఒరిగి ఉంది.

దీనికి మందు కాపర్, అంటే రాగి కలిసిన ద్రావణం. అది పెద్ద ట్యాంకులో పోస్తే రొయ్యలు, కోరల్స్ చస్తాయి. అందుకే విడి ట్యాంకు. ఇసుక, రాళ్లు వద్దు, కాపర్‌ని పీల్చేస్తాయి. దాక్కోవడానికి పివిసి పైపు ముక్కలు చాలు. స్పాంజ్ ఫిల్టర్ మాత్రం నెల ముందే పెద్ద ట్యాంకులో నాని మంచి బాక్టీరియా పట్టించుకోవాలి, లేకపోతే రోగం కంటే ముందు చేప వ్యర్థాల్లోని అమ్మోనియా చంపుతుంది. కాపర్‌ని చెంచా లెక్కన పోయకండి, సీసా మీది మోతాదు చూసి, నీళ్లలో ఎంతుందో కాపర్ టెస్ట్ కిట్‌తో కొలవండి. వల కూడా వేరేది పెట్టుకోండి, తడి వలతో పాటు జబ్బూ వస్తుంది.

ఒక్క క్లౌన్ బతికింది, దాన్ని విడి ట్యాంకులోకి మార్చాను. పురుగుకి తిండి దొరక్కుండా పెద్ద ట్యాంకుని 76 రోజులు చేపల్లేకుండా ఉంచాను. బోరు నీళ్లు పనికిరావు కాబట్టి ఆర్వో పెట్టి, బకెట్ల కొద్దీ నీళ్లు వృథా చేసి, ఖరీదైన ఉప్పు కలిపి నడిపాను. వచ్చిన ప్రతి చుట్టం "ఉత్త నీళ్లకి ఇంత కరెంటు బిల్లా?" అనేవాడు.

మొన్న అదే షాపువాడు మెసేజ్ పెట్టాడు. "పౌడర్ బ్లూ టాంగ్ వచ్చింది సార్. ఫ్రెష్."