ఆఫీసువాళ్ళు హనామీకి పిలిస్తే మానకండి

మార్చి రాగానే టోక్యోకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న: "సకురా ఏ తేదీన పూస్తుందండీ? శనివారమైతే బాగుండును."

సకురా అంటే చెర్రీ పూలు. వాటికి శని, ఆదివారాలు తెలియవు. యాసుకుని మందిరం ఆవరణలో వాతావరణ శాఖ ఎంచుకున్న చెట్టు ఒకటి ఉంది. దానికి 5, 6 పూలు విచ్చుకోగానే టోక్యోలో పూత మొదలైందని ప్రకటిస్తారు. సగటున అది మార్చి 24. నిండా పూసేది మార్చి 31 ప్రాంతంలో. ఆ తరువాత వారం రోజులు నిలిస్తే అదృష్టమే, గాలివాన వస్తే అదీ ఉండదు. నగరమంతా కనిపించే సొమెయి యొషినో రకం చెట్లన్నీ అంటుకట్టి పెంచినవి, ఒకే చెట్టు సంతానం. అందుకే దాదాపు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలుస్తాయి. వారాంతం దాకా ఆగకుండా బుధవారం సాయంత్రమైనా సరే, పని ముగించుకుని వెళ్ళండి.

అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. ఆఫీసులో హనామీకి, అంటే సకురా చెట్ల కింద కూర్చుని చేసుకునే విందుకు పిలిస్తే, "నేను తాగను, అక్కడ నాకు తినడానికేమీ ఉండదు" అని చాలామంది తప్పుకుంటారు. అది తొందరపాటు. ఏడాదంతా ముక్తసరిగా మాట్లాడే మేనేజరు చెట్టు కింద చాప మీద కూర్చుని మీ ఊరి గురించి అడిగేది ఆ ఒక్క రోజే. చేతిలో ఊలాంగ్ టీ ఉంటే చాలు, మందు తాగమని ఎవరూ బలవంతపెట్టరు. జపానువాళ్ళు పూల ముందు మౌనంగా ధ్యానం చేస్తారనుకుని వెళ్తే మాత్రం ఆశ్చర్యపోతారు. 18వ శతాబ్దంలో షోగన్ (సైనిక పాలకుడు) తొకుగావా యొషిమునే టోక్యోలోని అసుకయామా గుట్ట మీద చెట్లు నాటించింది సామాన్యులు సరదాగా గడపడానికే. మన కార్తిక వనభోజనాల సందడే ఇక్కడా.

కొత్త ఉద్యోగులు ఏప్రిల్ 1న చేరతారు కాబట్టి, పొద్దున్నే వెళ్ళి నీలం పట్టా పరిచి చోటు కాపలా కాసే పని వాళ్ళలో ఒకరి నెత్తిన పడుతుంది. ఆ వంతు మీకు వస్తే చిన్నబుచ్చుకోకండి.

తిండి విషయానికి వస్తే, పులిహోర కలిపి పట్టుకెళ్ళండి. చల్లారినా రుచి చెడదు. పచ్చిమిర్చి తగ్గించండి, వేరుశనగలు వేశామని ముందే చెప్పండి. శాకాహారులు ఇనారిజుషితో, అంటే టోఫూ సంచిలో అన్నం కూరిన వంటకంతో జాగ్రత్త. పైకి కనిపించేది వేయించిన టోఫూయే అయినా, దాన్ని ఉడికించే రసంలో సాధారణంగా ఎండుచేప ఉంటుంది. గులాబి, తెలుపు, ఆకుపచ్చ రంగుల హనామీ డాంగో (పుల్లకు గుచ్చిన బియ్యప్పిండి ఉండలు), సకురామోచీ (సకురా ఆకు చుట్టిన తీపి ముద్ద) మామూలుగా ఇబ్బంది పెట్టవు. సకురామోచీకి చుట్టిన ఉప్పు ఆకునూ తినవచ్చు.

పట్టా మీదికి చెప్పులతో ఎక్కకూడదు, కాబట్టి చిరుగులు లేని సాక్సులు వేసుకోండి! పగలు ఎండ చూసి మోసపోవద్దు, చీకటి పడితే చలి ఎముకలకు తగులుతుంది. ఫొటో కోసం కొమ్మ వంచడం, చెట్టు వేళ్ళ మీద కూర్చోవడం పనికిరావు. చెత్త ఇంటికి తెచ్చుకోవాలి.

ఉఎనో పార్కు జాతరలా ఉంటుంది. ఒకసారి చూస్తే చాలని నా అభిప్రాయం. మెగురో కాలువ వెంట నడవడమే, కూర్చోవడానికి చోటుండదు. చిన్న పిల్లలుంటే షింజుకు గ్యోయెన్ తోట మేలు: పెద్దలకు 500 యెన్ల టికెట్టు, లోపల మద్యం నిషేధం. నిషి కసాయ్‌లో ఉండే మనవాళ్ళు అంత దూరం వెళ్ళనక్కరలేదు, అదే ఎదొగావా వార్డులో షింకావా నది ఒడ్డంతా సకురా చెట్లే.

అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్ళు ఒక్క తేదీని నమ్ముకుని టికెట్లు కొనకండి. ఏప్రిల్ మధ్యలో దిగినా షింజుకు గ్యోయెన్‌లో ముద్దపూల యాఎజకురా దొరుకుతుంది. అదీ దాటిపోతే, మే మొదట్లో ఉత్తరాన ఉన్న హొక్కైదో ద్వీపం వైపు చూడండి.