అంతర్జాతీయ విద్యా వారోత్సవానికి తల్లిదండ్రులను కూడా పిలవండి

"మా డిగ్రీ కాలేజీలో అంతర్జాతీయ విద్యా వారోత్సవం చేయమన్నారు. జెండాలు, పోస్టర్లు, ఫుడ్ స్టాళ్లు తప్ప ఏమీ తట్టడం లేదు. పిల్లలకు నిజంగా పనికొచ్చేలా ఎలా చేయాలి?" అని ఒకరు నన్ను అడిగారు. నేను జర్మనీలో ఎమ్మెస్ చేసి వచ్చి, అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా దగ్గర ఈ కార్యక్రమం చూసుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. తల్లిదండ్రులను పిలవండి, ఖర్చుల లెక్కలు తెలుగులో చెప్పండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఈ వారోత్సవాన్ని అమెరికా విదేశాంగ శాఖ, విద్యాశాఖ కలిసి 2000లో మొదలుపెట్టాయి. నవంబరులో జరుపుతారు. విదేశీ విద్యార్థుల లెక్కలు చెప్పే ఓపెన్ డోర్స్ నివేదిక కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. 2023-24లో అమెరికాలో చదువుతున్న మన దేశ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మనమే ముందున్నాం. ఈ అంకెను పోస్టరు మీద పెద్దక్షరాలతో వేయొచ్చు, తప్పులేదు. కానీ మన జిల్లా నుంచి వెళ్లే పిల్లల్లో చాలామంది అప్పు చేసే వెళ్తారు. ఆ అప్పు మీద సంతకం పెట్టే మనిషి హాలులో లేకుండా పండగ చేస్తే సగమే చేసినట్టు.

నవంబరు అంటే చెనిక్కాయ (వేరుశనగ) పనులు ముగింపుకొచ్చే సమయం. ఆదివారం పొద్దున పెడితే పల్లెల నుంచి కూడా వస్తారు. పిల్లల చేతికి ఆహ్వానం ఇచ్చి ఊరుకోకుండా ఫోన్ చేసి పిలవండి. ముఖ్యంగా ఆడపిల్లల అమ్మలను పిలవండి. వాళ్లు ఒప్పుకోక ఆగిపోయిన చదువులు నేను చాలా చూశాను. వాళ్ల భయానికి ఎవరైనా నిదానంగా జవాబు చెప్తే ఆగక్కర్లేని చదువులవి.

పాత విద్యార్థులతో వీడియో కాల్ పెట్టేటప్పుడు టైం చూసుకోండి. నవంబరులో ఇక్కడ పొద్దున 9 అయితే టెక్సస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. జర్మనీ వాళ్లకైతే మన సాయంత్రం 4 గంటలు బాగుంటుంది, అక్కడ పదకొండున్నర అవుతుంది. మేం టెక్సస్‌లో ఉన్న ఒకమ్మాయితో మాట్లాడించాం. యూనివర్సిటీ గొప్పలు చెప్పొద్దు, ఇల్లు చూపించు అని ముందే చెప్పాం. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి మైకు తీసుకుని, "అమ్మీ, రాత్రిపూట ఒక్కదానివే యాడికన్నా పోతావా?" అని అడిగింది. ఆ అమ్మాయి ఫోన్ తిప్పి గది, కలిసి ఉండే ముగ్గురు పిల్లలు, వంటింట్లో కుక్కరు, మూలనున్న బియ్యం బస్తా చూపించింది. ఆలస్యమైతే అందరూ కలిసే తిరిగొస్తామని చెప్పింది. తర్వాత ఖర్చులు రాసుకునే నోటుపుస్తకం తెరిచి కెమెరా ముందు పెట్టింది. అద్దె, కరెంటు, ఇన్సూరెన్సు, సరుకులు, బస్సు. ఆ తల్లికి ఇంగ్లీషు రాదు, పక్కనున్న కొడుకు ఒక్కో వరస చదివి వినిపించాడు. అంతవరకు "పంపించాలా వద్దా" అంటున్న మనిషి, ఆ తర్వాత "మొత్తం ఎంతవుతాది, ఎప్పుడెప్పుడు కట్టాల" అని అడగడం మొదలుపెట్టింది.

లెక్కల సెషన్‌కు అన్నిటికంటే ఎక్కువ టైం ఇవ్వండి. ఒక బ్యాంకు మేనేజరును పిలవండి, ఉపన్యాసానికి కాదు, ప్రశ్నలకు జవాబు చెప్పడానికి. మన వైపు రైతులు తెలియక దెబ్బతినే విషయం ఒకటుంది. విద్యారుణానికి చాలా బ్యాంకులు పొలాన్ని తనఖాగా తీసుకోవు. ఇల్లు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటివి అడుగుతాయి. మామూలు పథకంలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ కావాలి. కొన్ని పేరున్న యూనివర్సిటీలకు హామీ లేకుండా ఇచ్చే పథకాలున్నా, అందరికీ అక్కడ సీటు రాదు. పదెకరాల ఆసామి కూడా ఈ మాటను అడ్మిషన్ వచ్చాకే వింటాడు. ఇక టైం లేక టెన్షన్‌లో ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మేం బోర్డు మీద వేసి చూపించాం: 20 లక్షలకు నెలకు వడ్డీయే 40 వేలు, చదివే రెండేళ్లలో 9 లక్షల 60 వేలు. అసలు అసలుగానే ఉంటుంది. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, "మరి బ్యాంకుకు ఎప్పటి నుంచి కట్టాల సార్?" అని అడిగారు. కోర్సు నడిచినన్నాళ్లు, ఆపైన సాధారణంగా ఒక ఏడాది వరకు కంతులు మొదలుకావని, వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుందని, వీలైనంత అప్పుడే కడితే భారం తగ్గుతుందని మేనేజరు చెప్పారు. ఈ ఒక్క జవాబు కోసమైనా ఆయన్ను పిలవాల్సిందే అనిపించింది నాకు.

జర్మనీ గురించి "అక్కడ చదువు ఫ్రీ" అని చెప్పి వదిలేయకండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. మినహాయింపులున్నాయి: బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు ముందే చూపించాలి. 2024 సెప్టెంబరులో దాన్ని 11,904 యూరోలు చేశారు. రూపాయల్లో పది లక్షల పైమాటే. అది ఫీజు కాదు, మన డబ్బే, నెలకు 992 యూరోల చొప్పున చేతికొస్తుంది. ఈ తేడా మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికే నాకు చాలా రోజులు పట్టింది. మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా 2022 నవంబరు నుంచి తప్పనిసరి, దానికి ముందుగానే దరఖాస్తు చేయాలి.

అప్పు చేయలేని ఇళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్పుల సంగతి విడిగా చెప్పండి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజుతో పాటు నెలకు 1,400 యూరోలు ఇస్తారు. చాలా కోర్సులకు దరఖాస్తులు అక్టోబరు, జనవరి మధ్యలోనే పడతాయి కాబట్టి నవంబరులో చెప్తే సరిగ్గా అందుతుంది. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలతో పాటు సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఇవి ఉన్నాయని తెలియకే మంచి పిల్లలు ప్రయత్నం మానేస్తున్నారు. నాకు బాధ కలిగించే సంగతి ఇది.

భాష గురించి మాట్లాడటానికి మన ఊరి కథే ఉంది. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పిల్లలకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే బడి నడిపింది. అలాంటి చోట చదివిన ఒక అమ్మాయినో అబ్బాయినో పిలిచి పది నిమిషాలు మాట్లాడించండి. తెలుగు మీడియంలో చదివి జర్మన్ మాట్లాడే పిల్ల వేదికెక్కితే, "మనకు రాదులే" అనే పిల్లలకు ధైర్యం వస్తుంది.

కన్సల్టెన్సీలకు స్టాల్ ఇవ్వాలా అంటే, నేనైతే ఇవ్వను. ఉచితంగా చేస్తామనే చోట వాళ్ల ఆదాయం చాలావరకు విదేశీ కాలేజీలిచ్చే కమిషన్. సలహా ఆ కాలేజీల వైపే మొగ్గుతుంది. ఇవ్వక తప్పకపోతే, అమెరికా కాలేజీ పేరు ఎవరు చెప్పినా, దానికి విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉందో లేదో అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటు స్టడీ ఇన్ ద స్టేట్స్‌లో వెతికి చూసుకోవడం పిల్లలకు ముందే నేర్పండి.

జెండాలు, వంటలు పిల్లలకే వదిలేయండి, సరదాగా చేసుకుంటారు. మీరు మాత్రం ఆఖరి రోజున ఒక టేబుల్ వేసి పాస్‌పోర్ట్ దరఖాస్తులు నింపించండి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు. టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదానిలో ఒక్క అక్షరం ఉన్నవాళ్లు చాలామంది తేలతారు. వాళ్ల పేర్లు రాసుకుని, ఆధార్ ఇప్పుడే సరిచేయించుకోమని తల్లిదండ్రులకే చెప్పండి. వీసా సమయంలో బయటపడితే ఒక సెమిస్టరు పోతుంది.