స్ట్రైక్ చెప్పే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం వాంపైర్ కార్డుల ఆటలో నువ్వు బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిన తీరు చూసి నా మీద కోపం వచ్చిందని గ్రహించాను. పోరుకు దిగే బమ్స్ రష్ కార్డు వేసి నా వాంపైర్ మీదికి వచ్చావు, ఇద్దరమూ మెనూవర్ చెయ్యలేదు (జరిగి దూరం మార్చుకోలేదు) గనుక రేంజ్, అంటే పోరు దూరం, దగ్గరిదిగానే నిలిచింది, నువ్వు వెంటనే "చేతి దెబ్బ" అనేశావు. నేను మెజెస్టీ కార్డు వేసి పోరు ముగించి, పైగా నా వాంపైర్‌ను అన్‌లాక్ చేసుకున్నాను (మళ్లీ వాడుకునేలా). అప్పుడు నువ్వు చేతిలోని ఇమ్మోర్టల్ గ్రాపుల్ కార్డు తిప్పి చూపించి, "ఇది నా దగ్గరే ఉంది కదా మావయ్యా" అన్నావు. ఉంది, కాదనను. కానీ దాన్ని వేయవలసిన క్షణం నువ్వు నోరు తెరిచి స్ట్రైక్ (పోరులో నీ దెబ్బ లేదా ఎత్తు) ప్రకటించగానే దాటిపోయింది. ఆ విషయమే నిదానంగా రాద్దామని కూర్చున్నాను.

వాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్‌లో పోరు రౌండ్ల వారీగా సాగుతుంది, ప్రతి రౌండ్‌లోనూ మెట్లు ఒకే వరుసలో వస్తాయి. రేంజ్ తేలకముందు వేసేవి మొదట, తరువాత మెనూవర్లతో రేంజ్ తేల్చుకోవడం, ఆ తరువాత స్ట్రైక్ ఎంచుకోకముందు వేసేవి, అటుపైన స్ట్రైక్, దాని దెబ్బల లెక్క, అదనపు స్ట్రైకులు, పోరును మరో రౌండ్‌కు లాగే ప్రెస్, చివరికి రౌండ్ ముగింపు. ప్రతి మెట్టు మీదా మొదటి అవకాశం యాక్షన్ చేసినవాడిదే, అంటే ఇక్కడ దాడికి వచ్చినవాడిదే. అతడు వేయదలచినవన్నీ వేసి ఊరుకున్నాక ఎదుటివాడికి అవకాశం వస్తుంది. ఎదుటివాడు ఏదైనా వేస్తే అవకాశం మళ్లీ మొదటివాడికే తిరిగి వస్తుంది. ఇద్దరూ ఊరుకుంటే మాత్రం ఆ మెట్టు దాటినట్టే, వెనక్కి దిగడం ఉండదు.

నువ్వు మ్యాజిక్ అనే కార్డుల ఆట ఆడి వచ్చినవాడివి గనుక నీకు ఇది మింగుడు పడటం లేదని నా అనుమానం. రెండు ఆటలనూ రూపొందించినది రిచర్డ్ గార్‌ఫీల్డే అయినా, 1994లో జిహాద్ అన్న పేరుతో వచ్చి మరుసటి ఏడు పేరు మార్చుకున్న ఈ ఆటలో, కార్డు మీద కార్డు పేర్చి పైనుంచి కిందికి విప్పుకుంటూ వచ్చే పద్ధతి లేదు. వేసిన కార్డు అప్పటికప్పుడే పనిచేస్తుంది. డైరెక్ట్ ఇంటర్వెన్షన్ వంటివి కొన్ని, ఎదుటి కార్డు పడుతున్న క్షణంలోనే దాన్ని రద్దు చేస్తాయి. అవి తప్ప, "నువ్వు అది వేశావు గనుక ముందు నేను ఇది వేస్తాను" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

ఇక గ్రాపుల్ సంగతి. దగ్గరి రేంజ్ ఖాయమైన తరువాత, ఎవరూ స్ట్రైక్ ఎంచుకోకముందు మాత్రమే అది చెల్లుతుంది. అది పడితే ఆ రౌండ్‌లో ఇద్దరికీ చేతి దెబ్బలే గతి. నా మెజెస్టీ, డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం), తుపాకీ ఏవీ పనికిరావు. స్ట్రైక్ మెట్టులో యాక్షన్ చేసినవాడు ముందు తన స్ట్రైక్ ప్రకటించాలి, అది విన్న తరువాతే ఎదుటివాడు ఎంచుకుంటాడు. అంటే దాడికి వచ్చినవాడికి ప్రతి మెట్టు మీదా దక్కే మొదటి మాట, ఇక్కడికి వచ్చేసరికి భారమవుతుంది. నీ స్ట్రైక్ విని తాపీగా జవాబు చెప్పే సుఖం నాది. ఆ సుఖాన్ని నాకు దక్కకుండా చేసే కార్డు నీ చేతిలోనే ఉంచుకుని, తొందరపడి నువ్వే నాకు ఇచ్చావు.

మెజెస్టీని గట్టెక్కడానికి నీ దెబ్బ బలం పెంచుకుంటే సరిపోతుందని కూడా అనుకోకు. స్ట్రైకులు సాధారణంగా ఒకేసారి ఫలిస్తాయి. ఫస్ట్ స్ట్రైక్ ఉన్నది వాటికంటే ముందు ఫలిస్తుంది. పోరు ముగించే స్ట్రైక్ ఫస్ట్ స్ట్రైక్‌కంటే కూడా ముందు ఫలిస్తుంది, డాడ్జ్ దాన్ని ఆపలేదు. కాబట్టి దాన్ని స్ట్రైక్ మెట్టుకు ముందే కట్టడి చెయ్యాలి, లేదా సైకీ వంటి కార్డుతో పోరు ముగిసిన వెంటనే కొత్త పోరు తెరవాలి.

నేను మొదట్లో ఎక్కువగా నష్టపోయింది మెనూవర్ల దగ్గర. రేంజ్ దగ్గరిదిగానే మొదలవుతుంది గనుక, గుద్దులాటకు వచ్చినవాడు అక్కడ ఏమీ వేయనక్కరలేదు. ఎదుటివాడు దూరానికి జరిగితే అప్పుడు మళ్లీ దగ్గరికి లాగే అవకాశం నీకు వస్తుంది. కానీ నీ మెనూవర్ మీద నువ్వే మరో మెనూవర్ వేయలేవు. స్ట్రైక్‌తో పాటు మెనూవర్ కూడా ఇచ్చే కార్డును జరగడానికి వాడుకున్నావంటే, తొలి స్ట్రైక్ కూడా దానిదే కావాలి; .44 మాగ్నమ్ తుపాకీ ఇచ్చే మెనూవర్‌కూ ఇదే కట్టుబాటు. ఒకసారి నేను తుపాకీతో దూరం జరిగి, ఆ తరువాత డాడ్జ్ వేయబోయాను. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

చేతిలో ఏడు కార్డులు ఉంటాయి, ఒకటి వేయగానే మరొకటి తీసుకుంటావు. వెంటనే తీసుకోవద్దని కార్డు మీద రాసి ఉంటే తప్ప. దీని వల్ల కలిగే లాభాన్ని నువ్వు ఇంకా వాడుకోవడం లేదు. టార్న్ సైన్‌పోస్ట్ రేంజ్ తేలకముందు మాత్రమే వేయదగినది, అది పోరు పూర్తయ్యేదాకా నీ బలం పెంచుతుంది. ఎదుటివాడు ఎలాగూ పారిపోతాడని దాన్ని దాచుకోకు, వెయ్యి. దాని స్థానంలో వచ్చే కార్డు మెనూవరో గ్రాపులో కావచ్చు, దానికి ఇంకా వేళ మించలేదు. అదే సైన్‌పోస్ట్ స్ట్రైక్ మెట్టులో చేతికి వస్తే ఈ రౌండ్‌కు అక్కరకు రాదు.

దెబ్బలు తగిలినప్పుడు తొందర మరీ ప్రమాదం. ముందు నివారించే కార్డులు, ఆ తరువాతే రక్తం ఖర్చుపెట్టి గాయం మాన్పుకోవడం. రెండు చుక్కల రక్తం మిగిలిన వాంపైర్‌కు మూడు దెబ్బలు తగిలాయనుకో; నువ్వు ముందే రక్తాన్ని లెక్కించే పూసలు రెండూ తీసి పక్కన పెట్టేస్తే, మూడో దెబ్బకు టార్పర్ (పోరాడలేని మూర్ఛ) తప్పదు, దెబ్బను నివారించే చేతిలోని ఫార్టిట్యూడ్ కార్డుకు వేళ దాటిపోయింది. ప్రతి జత స్ట్రైకుల తరువాతా ఈ లెక్క వేరుగా తేలాలి, అదనపు స్ట్రైకులు ఆపైనే. అదనపు స్ట్రైకులిచ్చే బ్లర్ కార్డు పట్టుకుని కూర్చున్న వాంపైర్ మొదటి దెబ్బకే టార్పర్‌కు పోతే ఆ బ్లర్ చేతిలోనే మిగిలిపోతుంది. మరో మాట, రౌండ్‌కు ఒకే కార్డుతో అదనపు స్ట్రైకులు తెచ్చుకోవచ్చు.

ప్రెస్ గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. మెనూవర్లలాగే ఒకరిది మరొకరిది రద్దు చేస్తూ పోతుంది. అయితే ప్రెస్ గెలిచిన ఉత్సాహంలో "రెండో రౌండ్" అని అరవకు. రౌండ్ ముగింపు ఇంకా మిగిలి ఉంది, టేస్ట్ ఆఫ్ వైటీ కార్డు వేయవలసిన చోటు అదే. కొత్త రౌండ్ మొదలుపెట్టేస్తే, పాత రౌండ్‌లో ఎదుటి వాంపైర్ కోల్పోయిన రక్తం నీకు అందదు.

అందుకని, నీ దగ్గర ఏమీ లేకపోయినా ప్రతి మెట్టు దగ్గరా ఆగి, "రేంజ్‌కు ముందు ఏమీ లేదు", "మెనూవర్ లేదు", "స్ట్రైక్‌కు ముందు ఏమీ లేదు" అని పైకి చెప్పడం అలవాటు చేసుకో. కార్డు ఉన్నప్పుడే ఆగితే నీ ఆగడమే గుట్టు విప్పేస్తుంది, ఎప్పుడూ ఆగేవాడి ముఖం ఎవరూ చదవలేరు. ఎదుటివాడు "నీ స్ట్రైక్ ఏమిటి?" అని తొందరపెడితే, "స్ట్రైక్‌కు ముందు మెట్టులో ఉన్నాం" అని మర్యాదగా గుర్తు చెయ్యి. ఆ ఆదివారం నిన్ను అలా తొందరపెట్టినది నేనే, ఒప్పుకుంటున్నాను.

వచ్చే ఆదివారం అదే డెక్ తీసుకురా. నా డెక్‌లో మెజెస్టీలు అలాగే ఉంటాయి, ఒక్కటీ తీయను.

ఇట్లు,
మీ మావయ్య